పనికి పోయేటోడు బండి అమ్ముకుని పోవద్దు



పోస్ట్ పొడుగున్నది, ఓపికతో చదవండి. ముఖ్యంగా ఈ ఎండాకాలం పరీక్షలు రాసి పూణే, హైదరాబాద్, చెన్నై దిక్కు పనికి పోదామనుకుంటున్న వాళ్ళు చివరిదాకా చదవండి.

డిగ్రీ, ఐటీఐ పరీక్షలు అయిపోయినయంటే మన ఊర్లల్ల బండ్లు అమ్మకానికి వస్తయి. ఏటా చూస్తున్నం. "స్ప్లెండర్ ప్లస్, సింగిల్ ఓనర్, అర్జెంట్ సేల్" అని వాట్సాప్ స్టేటస్ పెడ్తరు. లక్షకు దగ్గర పెట్టి కొన్న బండి, రెండేండ్లు కూడా నిండలేదు, సగం ధరకు పోతది. వీడు వారంల రైలెక్కుతడని కొనేటోనికి తెలుసు. అందుకే బేరం కూడా ఆడడు, ఊకె కూసుంటడు. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్త బండి ధర దిగితే పాత బండి ధర ఇంకా దిగుతది కదా. అమ్మిన పైసలు ఏమైతయంటే రూము అడ్వాన్స్‌కు కొన్ని, టికెట్‌కు కొన్ని, ఉన్న కిస్తీలకు కొన్ని. మూడు నెలలకు చేతిల ఏమీ ఉండదు, బండీ ఉండదు.

మేము హాస్టల్ల ఉండి చదువుకునేటోళ్ళం. మా రూముల ఎనిమిది మందిమి, ఎనిమిది ఇండ్లల్ల కూడా కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. రేపు మేము కూడా పోవాల్సినోళ్ళమే, ఇక్కడ అందరికీ ఉద్యోగాలు లేవు. అందుకని రాత్రి భోజనాలైనంక నాలుగైదు రోజులు కూర్చొని మాట్లాడుకున్నం. మా మాట ఒక్కటే. పనికి పోయేటోడు బండి అమ్ముకుని పోవద్దు. వీలైతే వెంట తీస్కపోవాలె, ఇప్పుడే వీలుకాకపోతే ఇంట్ల పెట్టి పోయి, కుదురుకున్నంక తీస్కపోవాలె. కానీ అమ్మొద్దు.

ముందుగాల ఈ "బండి పిచ్చి" ముచ్చట తేలుద్దాం. మన పోరగాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు కొందరు సార్లు, కొందరు ఆఫీసర్లు, అప్పుడప్పుడు మన పెద్దలు కూడా ఇదే మాట అంటరు. పత్తి పైసలు రాంగనే షోరూంకు ఉరుకుతరని, చదువు మీద లేని ధ్యాస సైలెన్సర్ మీద ఉంటదని. సరే, తిర్యాణి, కెరమెరి, సిర్పూర్-యు, నార్నూర్ మండలాల్ల లోపలి గూడేలకు ఒక్కసారి బస్సుల వచ్చి చూడమనండి. మెయిన్ రోడ్డు మీద దిగినంక మిగిలింది ఎట్ల పోతరు? జ్వరమొచ్చిన పిల్లగాన్ని, రేషన్ బియ్యాన్ని, ఎరువు బస్తాను, ఇంటర్ పరీక్ష రాసే చెల్లెను మోసేది ఆ బండే. వానకాలం మన రేగడి మన్ను సంగతి మీకు తెల్సిందే. టైరుకు, మడ్‌గార్డుకు నడుమ గడ్డ కట్టి చక్రం తిరగనియ్యది. పుల్ల పెట్టి గీక్కుంట, నాలుగడుగులు పోయి మళ్ళీ గీక్కుంట పోవాలె. అసొంటి రోడ్డు మీద నడిపినోన్ని పిచ్చోడంటే ఎట్ల?

అట్లని అవసరం అని ఒక్కటే చెప్తే అది పూర్తి నిజం కాదు. మాకు బండి అంటే ఇష్టం. ఇష్టమని చెప్పుకునేందుకు సిగ్గు ఎందుకు? ఒకప్పుడు మన దగ్గర "బండి" అంటే ఎడ్లబండే. పొలాల పండుగకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, నైవేద్యం పెట్టి తిప్పేటోళ్ళు, ఇప్పటికీ తిప్పుతున్నరు. దాన్ని ఎద్దు పిచ్చి అని ఎవరూ అనలేదు. ఇప్పుడు దసరా నాడు పోరగాడు బండి కడిగి, బంతిపూల దండ కట్టి, టైరు కింద నిమ్మకాయ పెడ్తే మాత్రం దుబారా అంటున్నరు. మన తాతకు ఎద్దు నడక చూస్తే దానికి ఏం బాధ ఉందో తెలిసేది. మా హాస్టల్ల ఒకడున్నడు, బండి గేటు దాటకముందే చప్పుడు విని "చైన్ లూజుంది", "ట్యాపెట్ కొడ్తున్నది" అని చెప్తడు. సదువుల కూడా ఆ చెవే వానికి పనికొస్తదని మేమనుకుంటం.

వానకాలం శని, ఆదివారాలు నేరడిగొండ దగ్గర నిలబడ్తే ఇంకో రకం బండి ఇష్టం కనబడ్తది. హైదరాబాద్ నుంచి కుంటాల జలపాతానికి వచ్చేటోళ్ళు, జాకెట్లు, మోకాళ్ళకు గార్డులు, హెల్మెట్ మీద కెమెరా. 44వ నంబర్ జాతీయ రహదారి మన జిల్లా నడుమ నుంచే పోతది. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా దేశం పొడుగూతా ఉన్న రోడ్డు అది. మే, జూన్‌ల లడఖ్ పోయేటోళ్ళు సంచులు కట్టుకుని ఆదిలాబాద్ బైపాస్ మీదుగా పెన్‌గంగ దాటి మహారాష్ట్రల అడుగుపెడ్తరు. వాళ్ళ మీద మాకు కోపం లేదు, మస్తు సంబరంగనే చూస్తం, చేతులు ఊపుతం. మాట ఏందంటే వాళ్ళను "రైడర్" అంటరు. అదే రోడ్డు మీద, వెనుక బియ్యం సంచి, దుప్పటి కట్టుకుని, 100 సీసీ బండి మీద పనికోసం పోయే మన అన్నను ఏమంటరు? వలస కూలి అంటరు. ఆయనకు కూడా ఘాట్ రోడ్డు మీద గేరు దించేటప్పుడు అదే సంతోషం కలుగుతదని ఎవ్వరికీ అనిపియ్యది. కెరమెరి ఘాట్ ఎక్కి దిగినోడు, నిర్మల్ మహబూబ్ ఘాట్ మీద లారీల నడుమ నడిపినోడు ఏ రైడర్‌కు తక్కువ?

ఇగ ఎక్కడికి పోతున్నరో చూద్దాం. చిత్రం ఏందంటే బండ్లంటే ప్రాణమిచ్చే మన పోరగాళ్ళు చాలామంది బండ్లు తయారుచేసే ఊర్లకే పోతున్నరు. పూణే దగ్గర చాకన్, శంభాజీనగర్ (పాత ఔరంగాబాద్) దగ్గర వాలుజ్, ఈ రెండు చోట్ల బజాజ్ ఫ్యాక్టరీలున్నయి. హోసూరుల టీవీఎస్, చెన్నై పక్కన ఒరగడంల రాయల్ ఎన్‌ఫీల్డ్. తెలుగు నేల మీదనే శ్రీసిటీల హీరో. ఐటీఐల ఫిట్టర్, డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ చేసినోళ్ళను అప్రెంటిస్ కింద తీసుకుంటరు. చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు వందల్ల ఉంటయి, వాటిల్ల కాంట్రాక్టర్ కింద పని దొరుకుతది.

మాకు ఎరికైన ఒక అన్న అట్లనే మహారాష్ట్రల ఒక విడిభాగాల కంపెనీకి పోయిండు. ఊర్ల ఉన్నప్పుడు పల్సర్ మీద చెయ్యి వేసిండంటే అది పాట పాడేది. పోయేముందు అదే బండిని అమ్మేసిండు. అక్కడ రోజుకు వందల బండ్ల బ్రేకు పార్టులు చేతుల మీదుగా పోతయి, తను మాత్రం కాంట్రాక్టర్ వ్యాన్‌ల పోవాలె, వ్యాన్‌ల రావాలె. రూము కాంట్రాక్టర్‌దే, వ్యాను కాంట్రాక్టర్‌దే, వ్యాను కిరాయి జీతంల కోత. పక్క కంపెనీల నెలకు రెండు వేలు ఎక్కువ ఇస్తున్నరని తెల్సినా పోలేకపోయిండు, ఎందుకంటే అది పద్దెనిమిది కిలోమీటర్లు, రాత్రి షిఫ్టు అయినంక వచ్చే ఆటో లేదు. ఇంటికాడ అవ్వకు బాగలేదని ఫోనొస్తే రిజర్వేషన్ దొరకక మూడో రోజు ఊరు చేరిండు.

మేము ఇక్కడే ఆగి ఆలోచించినం. బండి ఉంటే ఆ అన్నకు ఏం ఉండేది? పని మారే ధైర్యం ఉండేది. రూము తనకు నచ్చిన దగ్గర తీసుకునేటోడు. మేస్త్రీతోని మాట పడ్తే "నీ పని వద్దు" అని తాళం చెవి జేబుల వేసుకుని బయటికొచ్చేటోడు. పరాయి ఊర్ల కూలివానికి కాళ్ళు లేకుండా చేస్తేనే కాంట్రాక్టర్‌కు లాభం. మన కాళ్ళు మనమే సగం ధరకు అమ్ముకుని పోతున్నం.

హైదరాబాద్ సంగతి ఇంకా సూటిగ ఉంటది. అక్కడ డెలివరీ పనికి బండే అర్హత. బండి లేకపోతే రోజు కిరాయికి తీసుకోవాలె. మా సీనియర్ ఒకరు బ్యాటరీ స్కూటర్ కిరాయికే రోజుకు రెండు వందల పైన కట్టిండు, ఆర్డర్లు ఉన్నా లేకపోయినా. నెలకు ఆరువేలు. లెక్క మీరే చేసుకోండి, ఊర్ల అమ్మిన బండి పైసలు ఎన్ని నెలలకు కరిగిపోతయో. సిటీ సిగ్నల్స్ దగ్గర చూడండి, వీపు మీద సంచులతోని ఆగిన బండ్లల్ల 01, 18, 19, 20 నంబర్లు వెతకండి. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ మన నాలుగు జిల్లాలవి. ఏపీ-01 అని ఉన్నప్పటి నుంచి, టీఎస్-01 అయినంక, 2024 మార్చ్ నుంచి టీజీ-01 అయినంక కూడా ఆ ఒకటో నంబరు మనదే. దూరం నుంచి 01 కనబడితే పక్కకు పోయి "ఏ ఊరు దాదా?" అని అడిగే అలవాటు మనోళ్ళకుంది. రూము దొరికింది, పని దొరికింది, ఆఖరికి రక్తం దొరికింది కూడా ఆ నంబర్ ప్లేట్ చూసే. ఇదొక్కటి చాలు బండి వెంట తీస్కపోవాలనడానికి.

రాష్ట్రం దాటితే మాత్రం కాయితాల లొల్లి మొదలైతది. ఇది తెల్వక భయపడి కూడా చాలామంది అమ్ముకుంటున్నరు, అందుకని కొంచెం వివరంగ రాస్తున్నం.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఒక రాష్ట్రంల రిజిస్టర్ అయిన బండి దేశమంతా చెల్లుతది. వేరే రాష్ట్రంల 12 నెలలు దాటి ఉంచితేనే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలె. అంటే మొదటి ఏడాది మీ టీజీ నంబరుతోనే తిరగొచ్చు, ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాయితం ఉంటే చాలు. అక్కడికి ఎప్పుడు వచ్చినవో చూపియ్యడానికి రైలు పార్సిల్ రసీదో, టోల్ దగ్గరి పెట్రోల్ బిల్లో, రూము అగ్రిమెంటో దాచిపెట్టుకోండి. ఏడాది దాటితే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలె, బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ళ సంతకం కావాలె, అక్కడ మళ్ళా టాక్స్ కట్టాలె. ఇక్కడ కట్టిన లైఫ్ టాక్స్‌ల మిగిలింది వాపసు అడగొచ్చు గానీ దాని కోసం ఎన్నిసార్లు సెలవు పెట్టి తిరగాల్నో, ఆ సెలవుల కూలి ఎంత పోతదో చూసుకుంటే చాలామంది వదిలేస్తరు.

ఈ బాధ సర్కారుకు తెల్వనిది కాదు. తెల్సే, 2021 ఆగస్టుల కేంద్రం బీహెచ్ సిరీస్ అని తెచ్చింది, సెప్టెంబర్ 15 నుంచి అమలు. ఆ నంబరు ఉంటే రాష్ట్రం మారినా రిజిస్ట్రేషన్ మార్చుకునే పని లేదు, టాక్స్ రెండేండ్లకొకసారి కట్టుకుంట పోవచ్చు. వినడానికి మనకోసమే అన్నట్టుంటది. కానీ ఎవరికి ఇస్తరు? సైన్యంల ఉన్నోళ్ళకు, కేంద్ర, రాష్ట్ర సర్కారు ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్ళకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్ల ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు. మన అన్న చేసే బ్రేకు పార్టు దేశంల అన్ని రాష్ట్రాలకు పోతది, కానీ ఆయన కంపెనీ ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ మనిషి. అప్రెంటిస్ అయితే 1961 అప్రెంటిసెస్ చట్టం లెక్కల అసలు కార్మికుడే కాదు, శిక్షణల ఉన్నోడు. డెలివరీ చేసేటోన్ని కంపెనీ "పార్ట్‌నర్" అంటది, ఉద్యోగి అనదు. అంటే బదిలీ మీద పోయే ఆఫీసరు బండికి దేశమంతా ఒక్క నంబరు, పొట్ట చేతవట్టుకుని పోయేటోని బండికి ఆఫీసుల చుట్టూ చెప్పులరుగుడు. కారున్నోడు ఒక్కసారి మారుస్తడేమో, మనోడు ఏడాదికొక ఊరు మారుతడు. ఎవరికి ఎక్కువ అవసరం? ఈ-శ్రమ్ కార్డు ఉన్న ప్రతి కూలివానికి, అప్రెంటిస్‌కు, డెలివరీ పనివానికి బీహెచ్ నంబరు ఇయ్యాలె, చిన్న బండ్లకు ఎన్‌ఓసీ మీసేవలనే ఇయ్యాలె. ఇది మా డిమాండ్. మన ఎమ్మెల్యేలు, ఎంపీ వచ్చినప్పుడు రోడ్డు అడుగుతం, బోరు అడుగుతం, ఇది కూడా అడగాలె.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. ఇది సర్కారు తప్పు ఒక్కటే కాదు, మన ఇండ్లల్ల అలవాటు.

మన బండ్లు ఎవరి పేరు మీద ఉన్నయో చూసుకోండి. చాలావరకు అవ్వ పేరు మీద, లేకుంటే బాపు పేరు మీద. కొనేటప్పుడు పిల్లగానికి పద్దెనిమిది నిండలేదు, నిండినా ఫైనాన్స్ వాళ్ళు ఇయ్యరు, డ్వాక్రా సంఘంల ఉన్న అవ్వకైతే ఇస్తరు. నడిపేది కొడుకు. కొడుక్కు లైసెన్స్ ఉండదు, లేదా ఎల్ఎల్ఆర్ తీసి ఆరు నెలలు దాటి మురిగిపోయి ఉంటది. ఇన్సూరెన్స్ ఉందిలే అని ధీమా. ఆ ఇన్సూరెన్స్ కాయితం తీసి చదవండి. అందుల రెండు వేరే వేరే సంగతులుంటయి. థర్డ్ పార్టీ అనేది మన బండి తగిలి ఎదుటోనికి ఏమన్న అయితే వానికి ఇచ్చేది. నడిపేటోనికి ఏమన్న అయితే ఇచ్చేది పర్సనల్ యాక్సిడెంట్ కవర్, 15 లక్షలు. అది ఓనర్-డ్రైవర్‌కు మాత్రమే. అంటే ఆర్సీ మీద పేరున్న మనిషే నడపాలె, ఆ మనిషికి లైసెన్స్ ఉండాలె. బండి అవ్వ పేరు మీద ఉంటే, అవ్వకు లైసెన్స్ లేకుంటే, ఆ కవర్ అసలు రాయనే రాయరు. కొడుకు పోతే ఆ కాయితం కింద ఏమీ రాదు.

మా పక్క మండలం నుంచి పనికి పోయిన ఒక అన్న రెండేండ్ల కింద పరాయి రాష్ట్రంల రింగు రోడ్డు మీద రాత్రి షిఫ్టు నుంచి వస్తుంటే పోయిండు. ఎదుటి బండి దొరకలేదు. బండి వాళ్ళ అవ్వ పేరు మీద ఉంది. నెలల తరబడి తిరిగిండ్రు, ఎవరూ ఏమీ ఇయ్యలేదు. మీద కెల్లి మిగిలిన కిస్తీలు కట్టుమని ఆమెకే నోటీసు వచ్చింది. ఆమె ఆ కాయితం మా హాస్టల్‌కు తెచ్చి చదివి చెప్పమన్నది. చదివి చెప్పినం. ఆమె నోటీసు మడిచి కొంగుల కట్టుకుని, బస్సు టైమైందని లేచింది. ఆ రోజు నుంచే ఈ పోస్ట్ రాయాలని ఉంది.

కాబట్టి బండి వెంట తీస్కపోండి అని చెప్తున్న మేమే ఇది కూడా గట్టిగ చెప్తున్నం. పోయేముందు బండి మీ పేరు మీదికి మార్చుకోండి. కిస్తీలు అయిపోయినా ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు అట్లనే ఉంటది, వాళ్ళ నుంచి కాయితం తెచ్చి ఫారం 35 పెడితేనే పోతది. లైసెన్స్ తీసుకోండి. పాలసీల పర్సనల్ యాక్సిడెంట్ ఉందా లేదా అడిగి రాయించుకోండి. బ్యాంకుల ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంల పోతే రెండు లక్షలు. అది లేని ఖాతా మన హాస్టల్ల ఒక్కటి కూడా ఉండొద్దు. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనండి. రోడ్డు పక్కన రెండు వందలకు అమ్మేది టోపీ, హెల్మెట్ కాదు.

సిటీ ట్రాఫిక్‌ల మన పోరగాళ్ళు చచ్చిపోతున్నరు, అందుకే బండి ఊర్లనే ఉండాలె అనే పెద్దలున్నరు. వాళ్ళ భయం మాకు అర్థమైతది. కానీ బండి ఊర్ల పెట్టి పోయినోడు అక్కడ ఇంకొకని బండి నడుపుతడు, ఎవని పేరు మీద ఉందో, బ్రేకు ఎట్లుందో తెల్వని బండి. మన చేతికి అలవాటైన బండి, మన పేరు మీది కాయితాలే నయం.

ఇదంతా అన్నలకే అనుకోకండి. నర్సింగ్ చదివి హైదరాబాద్, నాగపూర్ దవాఖానల్ల చేస్తున్న మన బాయిలు ఎంతమంది ఉన్నరో. నైట్ డ్యూటీ అయినంక ఆటో కోసం నిలబడే బాధ వాళ్ళను అడగండి. 2020 ఏప్రిల్‌ల లాక్‌డౌన్ ఉన్నప్పుడు మన పక్క బోధన్ నుంచి రజియా బేగం అనే టీచరమ్మ స్కూటీ మీద ఒక్కతే నెల్లూరు జిల్లాకు పోయి, అక్కడ ఆగిపోయిన కొడుకును వెనుక కూర్చోబెట్టుకుని తెచ్చుకుంది. రానుపోను 1,400 కిలోమీటర్లు. ఆమె బైక్ రైడర్ కాదు, బడి హెడ్‌మాస్టర్. బండి తనది, నడపడం తనకొచ్చు, అంతే. ఆడపిల్ల హాస్టల్‌కు పోతుందంటే ట్రంకు పెట్టె కొనిస్తరు మనోళ్ళు. దాంతోపాటు బండి నేర్పియ్యండి, లైసెన్స్ తీయియ్యండి.

అదే లాక్‌డౌన్‌ల మేము బడి పిల్లలం. 44వ నంబర్ రోడ్డు మీద హైదరాబాద్ దిక్కు నుంచి ఉత్తరానికి వేలమంది నడిచిపోతుంటే గుడిహత్నూర్, ఆదిలాబాద్ దగ్గర మన ఊర్లోళ్ళు నీళ్ళు, అన్నం పెట్టిండ్రు. వాళ్ళల్ల బండ్లున్నోళ్ళు ఇద్దరిద్దరు ఎక్కి పోయిండ్రు. లేనోళ్ళు చెప్పులు తెగి, గుడ్డలు కట్టుకుని నడిచిండ్రు.

దూరం పోవుడు మనకు కొత్త కాదు. మన కొమురం భీమ్ సిద్ధిఖ్ ఘటన తర్వాత కాలినడకన చాందా దిక్కు పోయి, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటల దాకా పోయి కొన్నేండ్లు కూలి చేసిండని మన పెద్దలు చెప్పే చరిత్ర. ప్రెస్సుల అక్షరాలు నేర్చుకున్నది, కూలోళ్ళ కష్టం చూసింది అట్ల పోయినప్పుడే. ఆయన పోయినందుకు కాదు, తిరిగొచ్చినందుకు ఇవాళ జోడేఘాట్ ఉంది. మేము పోవద్దని ఎవరికీ చెప్పం. రావడానికి దారి, సాధనం చేతిల పెట్టుకుని పోవాలంటున్నం. మెస్రం వాళ్ళు ఏటా గోదావరి హస్తినమడుగు దాకా నడిచిపోయి నీళ్ళు తెచ్చేది నాగోబా కోసం. పుష్య అమావాస్య నాడు కేస్లాపూర్‌ల ఉండాలంటే పూణేల ఉన్నోనికి రిజర్వేషన్ దొరకాలె, సెలవు దొరకాలె. బండి ఉన్నోనికి సెలవొక్కటి దొరికితే చాలు. దండారికి, ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి స్తూపం కాడికి కూడా అట్లనే.

పూణే దిక్కు బండి మీద పోయేటోళ్ళకు దారి చెప్తం. మొత్తం ఆరు వందల కిలోమీటర్లకు అటూఇటూ, ఒక్క రోజుల పోవాలని చూడొద్దు. కిన్వట్ మీదుగా నాందేడ్ పోయి ఆగండి. కిన్వట్ తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె, రాష్ట్రాలు విడదీసినప్పుడు అటు పోయింది. అక్కడ గోండి మాట్లాడితే నీళ్ళే కాదు చాయ్ కూడా దొరుకుతది. నాందేడ్‌ల హుజూర్ సాహెబ్ గురుద్వారా ఉంది, లంగర్‌ల ఎవరికైనా భోజనం పెడ్తరు, యాత్రికులకు ఉండే రూములున్నయి. తెల్లారి పర్భణీ, బీడ్, అహల్యానగర్ మీదుగా పూణే. రాత్రి నడపొద్దు, చెరుకు ట్రాక్టర్లకు వెనుక లైటు ఉండదు.

రైల్ల పంపేటోళ్ళు పార్సిల్ ఆఫీసు ఉన్న స్టేషన్‌కు ఒక రోజు ముందే పోవాలె. ఆర్సీ జిరాక్స్, ఆధార్ తీస్కపోండి. పెట్రోలు చుక్క లేకుండా తీసెయ్యాలె, హెడ్‌లైట్‌కు, ట్యాంకుకు గోనె సంచి, గడ్డి పెట్టి కట్టాలె. ఎక్కడి నుంచి ఎక్కడికో, ఫోన్ నంబర్ ఏందో అట్ట మీద రాసి కట్టాలె. అద్దాలు ముందే విప్పి సంచిల వేసుకోండి, లేకుంటే పగిలే వస్తయి. అక్కడ దిగినంక ఆలస్యం చేస్తే గంటల లెక్కన చార్జీ వేస్తరు. కట్టేటోళ్ళు బయట ఉంటరు, ముందే రేటు మాట్లాడుకోండి.

ఇక మా హాస్టల్ల ఏం చేస్తున్నమంటే, లైసెన్స్ లేనోళ్ళ లిస్టు రాసుకున్నం. పరీక్షలు అయిపోయిన మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి టీవీ రూముల కూర్చుని అందరికీ ఎల్ఎల్ఆర్ స్లాట్లు బుక్ చేస్తం. పద్దెనిమిది నిండినోళ్ళే రావాలె. ఆధార్, పదో తరగతి మెమో, ఫోటోలు, ఆధార్‌కు లింకున్న ఫోను తెచ్చుకోండి. ఫోను ఊర్ల అవ్వ దగ్గరుంటే ముందు రోజే తెప్పించుకోండి, ఓటీపీ లేకుంటే పని కాదు. ఆర్సీ మార్పు ఉన్నోళ్ళు అసలు ఆర్సీ, ఇన్సూరెన్స్ తెండి, ఫారాలు మేము నింపిస్తం, పైసలు ఏమీ లేవు. పక్క హాస్టల్ బాయిలు కూడా రావొచ్చు, వార్డెన్ మేడంతో మాట్లాడినం. ఈ లోపు ఎవరన్నా బండి అమ్మకానికి స్టేటస్ పెట్టి ఉంటే కింద కామెంట్ల ఊరు పేరు రాయండి, అమ్మకముందు ఒకసారి మాట్లాడదాం.

జై సేవా.